కార్బన్ డయాక్సైడ్ నిల్వ బావి బిగువుగా ఉందని ఎలా తెలుస్తుంది? సిరొంచ, చాందా, కిన్వట్ వైపు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మహారాష్ట్రలో బల్లార్షా, రాజురా, ఘుగుస్, వణి, సిరొంచ, కిన్వట్ వైపు ఉండే తెలుగు ఇళ్ళలో చాలామందికి బువ్వ పెట్టేది బొగ్గు గనో, సిమెంటు ఫ్యాక్టరీయో, 2920 మెగావాట్ల చంద్రపూర్ (చాందా) థర్మల్ స్టేషనో. ఈ పొగగొట్టాల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి భూమి లోతుల్లో దాచే ఆలోచన, 2022 నవంబరులో నీతి ఆయోగ్ నివేదిక వచ్చినప్పటి నుంచి మన దేశంలోనూ గట్టిగా వినపడుతోంది. రిగ్గుల మీద, వర్క్‌షాపుల్లో పనిచేసే కుర్రాళ్ళూ, ఊరి బోరింగు నీళ్ళు తాగేవాళ్ళూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. ఇది ఫలానా ప్రాజెక్టును గురించిన పేజీ కాదు. నియమాల అంకెలు ఎక్కువగా అమెరికా 2010లో తెచ్చిన ‘క్లాస్ సిక్స్’ (కార్బన్ డయాక్సైడ్ నిల్వ) బావుల నిబంధనల నుంచి తీసుకున్నాం. బావి బిగువు విషయంలో అంత వివరంగా రాసిన నిబంధనలు తక్కువ.

మెకానికల్ ఇంటిగ్రిటీ అంటే ఏమిటి?

బావి బిగువుకు ఇంజనీర్లు వాడే పేరు ఇది. రెండు మాటల్లో చెప్పొచ్చు. ఒకటి, బావి లోపలి పైపుల్లో లీకు లేకపోవడం: ట్యూబింగ్ (వాయువు దిగే లోపలి పైపు), కేసింగ్ (దాని చుట్టూ ఉండే బయటి పైపు), ఆ రెండింటి మధ్య సందు మూయడానికి అడుగున బిగించిన ప్యాకర్, పైన వెల్‌హెడ్ (బావి మూతి) అన్నీ ఒత్తిడి నిలుపుకోవాలి. దీన్ని లోపలి ఇంటిగ్రిటీ అంటారు. రెండోది, కేసింగ్ బయట, రాతికీ పైపుకీ మధ్య పోసిన సిమెంటు పక్క నుంచి వాయువు గానీ ఉప్పునీరు గానీ పైకి పాకకపోవడం. ఇది బయటి ఇంటిగ్రిటీ.

ఈ రెండింటినీ ఒకే పరీక్షతో తేల్చలేం. లోపలిది పాసైన బావి బయట కారుతూ ఉండొచ్చు. ‘బావి టెస్టు అయింది’ అని ఎవరైనా చెబితే మొదట అడగాల్సింది ‘లోపలిదా, బయటిదా?’ అనే.

మన పొలంలో వేసే బోరుకీ దీనికీ తేడా ఏముంది?

తేడా చాలా ఉంది. పొలం బోరులో గట్టి రాయి తగిలేదాకానే కేసింగ్ దింపుతారు. ఆ కింద అంతా వట్టి రాతి రంధ్రమే, ఎక్కడా సిమెంటు ఉండదు. పై పొర నీళ్ళూ కింది పొర నీళ్ళూ అందులో కలిసిపోతాయి. పొలానికి అది సరిపోతుంది.

నిల్వ బావిలో పైపులో పైపు, పైపులో పైపు దిగుతాయి. ముందు వెడల్పాటి కండక్టర్ పైపు. తర్వాత సర్ఫేస్ కేసింగ్, ఇది తాగునీటి పొరలన్నీ దాటి దిగాలి, దాని చుట్టూ సిమెంటు నేల మట్టం దాకా రావాలి. ఆపైన నిల్వ పొరదాకా వెళ్ళే పొడవాటి కేసింగ్, దానికీ సిమెంటు నేల దాకా. ఆ కేసింగ్ లోపల ట్యూబింగ్. వాయువు ప్రయాణించేది ఈ ట్యూబింగ్‌లో మాత్రమే. ట్యూబింగ్‌కీ కేసింగ్‌కీ మధ్య ఖాళీని యాన్యులస్ అంటారు, అందులో తుప్పు పట్టనివ్వని మందు కలిపిన నీళ్ళు నింపుతారు. ఈ పేజీలో ఎక్కువ మాటలు ఆ యాన్యులస్ గురించే, ఎందుకంటే బావి ఆరోగ్యం అందరికంటే ముందు చెప్పేది అదే.

ఎంత లోతు ఉండాలి? 800 మీటర్లు చాలు అని పుస్తకాల్లో ఉంటుంది కదా?

ఆ అంకె మన ఎండలకు అలాగే పనికిరాదు. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీల వేడి, 73.8 బార్ ఒత్తిడి దాటితే వాయువుకీ ద్రవానికీ మధ్యస్థంగా చిక్కబడుతుంది. 800 మీటర్ల లోతులో నీటి ఒత్తిడి సుమారు 80 బార్ కాబట్టి ఆ లోతు చాలని రాస్తారు. చల్లటి దేశాల్లో అది నిజమే. మన వైపు నేల పైపొరే 27, 28 డిగ్రీలు. కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీలు పెరిగితే 800 మీటర్ల దగ్గర 50 డిగ్రీలు ఉంటుంది. 50 డిగ్రీలు, 80 బార్ దగ్గర కార్బన్ డయాక్సైడ్ ఘనపు మీటరుకు 220 కిలోలే తూగుతుంది. అదే 1500 మీటర్లకు దిగితే 500 కిలోలు దాటుతుంది.

దీనికీ బావి బిగువుకీ సంబంధం ఉంది. తేలికగా ఉన్న వాయువు ఉప్పునీటి మీద బెండులా పైకి తన్నుతుంది. సిమెంటులో సందు ఉంటే అంత బలంగానే ఎక్కుతుంది. వేడి నేలలో తక్కువ లోతుకు బావి ప్రతిపాదిస్తే, నిల్వ పొర దగ్గర ఉష్ణోగ్రత కొలిచారా అని తప్పకుండా అడగాలి.

గడ్‌చాందూర్‌లో తయారయ్యే బస్తా సిమెంటు వాడొచ్చు కదా?

వాడకూడదు. ఇళ్ళకు వాడే సిమెంటు వేడిలో, ఒత్తిడిలో ఎంతసేపటికి గట్టిపడుతుందో నమ్మకంగా చెప్పలేం. పైపుల మధ్య సగం దారిలో గట్టిపడితే ఆ బావి అక్కడికి పాడైనట్టే. బావులకు ఆయిల్ వెల్ సిమెంటు వేరే ఉంది. మన దేశంలో దానికి ఐఎస్ 8229 ప్రమాణం ఉంది. ఎక్కువగా వాడేది ‘క్లాస్ జీ’. దీనికి బరువులో 44 శాతం నీళ్ళు, అంటే 50 కిలోల బస్తాకు 22 లీటర్లు. కలిపిన ముద్ద లీటరుకు 1.9 కిలోలు తూగాలి, ఒక్కో బస్తాకు సుమారు 38 లీటర్ల ముద్ద వస్తుంది. ఆ బరువును కలుపుతున్నంతసేపూ తూచి రాయాలి. పలచబడిన ముద్ద గట్టిపడ్డాక సందులమయం అవుతుంది.

లెక్క ఇలా ఉంటుంది. ఎనిమిదిన్నర అంగుళాల రంధ్రంలో 7 అంగుళాల కేసింగ్ దింపితే మీటరుకు 11.8 లీటర్ల ఖాళీ. వెయ్యి మీటర్లకు 11,800 లీటర్లు, అంటే 310 బస్తాల పైచిలుకు. రంధ్రం ఎక్కడా నున్నగా ఉండదు కాబట్టి కాలిపర్ లాగ్ (పరికరం దింపి లోతు వెంట రంధ్రం వెడల్పు కొలిచిన రికార్డు) చూసి దీనికి అదనం కలుపుతారు. ఇంతా చేసి ముద్ద నేల పైకి తిరిగి రాకపోతే, ఎక్కడో రాతి పగుళ్ళలోకి పోయిందన్న మాట. యావత్మాల్, నాందేడ్ వైపు నల్లరాతి పొరల మధ్య గుల్లరాయి ఉన్నచోట ఇది జరగడానికి అవకాశం ఎక్కువ. అలాంటి చోట ఒకేసారి నింపకుండా కింది భాగం ముందు, పై భాగం తర్వాత పోస్తారు.

కార్బన్ డయాక్సైడ్ సిమెంటును తినేయదా అని కూడా అడుగుతుంటారు. తడి కార్బన్ డయాక్సైడ్ సిమెంటులోని సున్నంతో కలిసి మొదట కాల్షియం కార్బొనేట్ చేస్తుంది. అది సందులను మూస్తుంది కాబట్టి కొంత మేలే. తాజా ఆమ్లపు నీళ్ళు ఆగకుండా పారుతూ ఉంటే మాత్రం ఆ కార్బొనేట్ కూడా కరిగి మెత్తటి సిలికా మిగులుతుంది. అమెరికాలోని పశ్చిమ టెక్సస్‌లో సాక్‌రాక్ అనే చమురు క్షేత్రంలో 30 ఏళ్ళు కార్బన్ డయాక్సైడ్‌కు తగిలిన మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటును తవ్వి తీసి చూశారు. సిమెంటు నిలిచే ఉంది. మార్పు కనిపించింది అంచుల్లోనే: సిమెంటుకీ పైపుకీ మధ్య, సిమెంటుకీ రాతికీ మధ్య. అందుకే సిమెంటు రకం కంటే పోసే పద్ధతి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలని మేం చెబుతాం.

సిమెంటు పోసేటప్పుడు ఏ తప్పులు జరుగుతాయి?

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది పైపు ఒక పక్కకు ఒరగడం. కేసింగ్ రంధ్రం మధ్యలో నిలవడానికి సెంట్రలైజర్లు తొడుగుతారు. వాటిని తగ్గిస్తే పైపు ఒక పక్క రాతికి ఆనుకుంటుంది. సిమెంటు ముద్ద వెడల్పు ఉన్న వైపు నుంచి ఎక్కిపోతుంది, ఇరుకు వైపు డ్రిల్లింగ్ మట్టి అలాగే ఉండిపోతుంది. నెలలు గడిచాక ఆ మట్టి ఎండి కుంచించుకుపోయి సన్నటి కాలువ మిగులుతుంది. వాయువు ఎక్కేది అక్కడే.

దాన్ని తప్పించడానికి: సిమెంటుకు ముందు మట్టిని కడిగే స్పేసర్ ద్రవం పంపాలి, పంపుతున్నప్పుడు పైపును తిప్పుతూ లేదా పైకీ కిందికీ కదుపుతూ ఉండాలి, సిమెంటు గట్టిపడేదాకా బావిని కదిలించకూడదు. ఈ ఆఖరుది తరచూ మీరుతారు. రిగ్గు అద్దె రోజుకు లక్షల్లో ఉంటుంది, అందరికీ తొందరే. గట్టిపడకముందే లోపల ఒత్తిడి పెంచి దించితే పైపు ఉబ్బి, మళ్ళీ సన్నబడుతుంది. పైపుకీ సిమెంటుకీ మధ్య వెంట్రుకంత సందు పడుతుంది. దాన్ని మైక్రో యాన్యులస్ అంటారు.

తుప్పు సంగతి?

పూర్తిగా పొడిగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ మామూలు కార్బన్ స్టీలును ఏమీ చేయదు. నీటిచుక్క కలిసిందా, కార్బానిక్ ఆమ్లం తయారై ఏడాదికి మిల్లీమీటర్ల లెక్కన తింటుంది. అందుకే పైన కంప్రెసర్ దగ్గరే తేమ తీసేస్తారు. నిల్వ పొరలో ఎలాగూ నీళ్ళు ఉంటాయి, కాబట్టి అడుగున ప్యాకర్ దగ్గర నుంచి కిందికి క్రోమియం కలిపిన ఉక్కు వాడతారు: 13 శాతం క్రోమియం ఉన్నది, లేదా ఉప్పు, వేడి ఎక్కువైతే 25 శాతం క్రోమియం ఉన్న డ్యూప్లెక్స్ రకం. తుప్పును కనిపెట్టడానికి అదే ఉక్కు ముక్కలను, కూపన్లు అంటారు, వాయువు దారిలో పెట్టి మూడు నెలలకోసారి తీసి తూస్తారు.

రబ్బరు సీళ్ళ సంగతి వేరు. ఒత్తిడిలో కార్బన్ డయాక్సైడ్ రబ్బరు లోపలికి ఇంకుతుంది. ఒత్తిడిని ఒక్కసారిగా తగ్గిస్తే ఇంకిన వాయువు లోపలే ఉబ్బి రబ్బరును చీలుస్తుంది, పొంగిన పూరీ పగిలినట్టు. ప్యాకర్ రబ్బరు ఏ రకమో, ఈ పరీక్షకు నిలిచిందో లేదో కొనేటప్పుడే కాగితం తీసుకోవాలి. బావిని మూసేటప్పుడు ఒత్తిడి మెల్లగా దించాలని ఆపరేటర్లకు నేర్పేది కూడా ఇందుకే.

లోపలి ఇంటిగ్రిటీ పరీక్ష ఎలా చేస్తారు? అడుగడుగునా చెప్పండి.

ఉదాహరణకు ఒక బావి తీసుకుందాం: 7 అంగుళాల కేసింగ్, మీటరుకు సుమారు 39 కిలోల బరువున్నది. మూడున్నర అంగుళాల ట్యూబింగ్. ప్యాకర్ 1000 మీటర్ల లోతులో. యాన్యులస్ మీటరుకు 13.75 లీటర్లు పడుతుంది, మొత్తం 13,750 లీటర్లు.

మొదట వాయువు పంపడం ఆపి, లేదా ఒకే వేగంలో పంపుతూ, బావి ఉష్ణోగ్రత నిలకడగా అయ్యేదాకా ఆగాలి. యాన్యులస్ పైదాకా నీళ్ళు నిండి ఉన్నాయో చూడాలి. పైన గాలి బుడగ మిగిలితే పరీక్ష చెడుతుంది, గాలి స్ప్రింగులా నొక్కుకుంటుంది. ఈమధ్యే కాలిబ్రేట్ చేసిన గేజ్ పెట్టాలి. పరీక్ష ఒత్తిడి గేజ్ ముఖం మధ్య భాగంలో పడేలా ఎంచుకోవాలి. 70 బార్ పరీక్షకు 1000 బార్ గేజ్ పెడితే 2 బార్ తేడా కంటికి కనపడదు.

ఇప్పుడు పంపుతో 70 బార్ దాకా ఎక్కించాలి. ఎన్ని లీటర్లు పట్టాయో రాసుకోవాలి. నీళ్ళు నొక్కుకోవడానికే సుమారు 43 లీటర్లు కావాలి, పైపులు కాస్త సాగుతాయి కాబట్టి 50 కూడా దాటొచ్చు. ఆ తర్వాత పంపునూ ట్యాంకునూ వేరు చేయాలి. వాల్వు మూయడం ఒక్కటే చాలదు, పైపు విప్పేస్తేనే నమ్మకం. గంటసేపు పదేసి నిమిషాలకు ఒత్తిడి, ఉష్ణోగ్రత రాయాలి. ట్యూబింగ్ ఒత్తిడీ పక్కనే రాయాలి. హద్దు ఎంతన్నది అనుమతి పత్రంలో ఉంటుంది, గంటకు 3 శాతం అన్నది వాడుకలో ఉన్న హద్దు. 70 బార్‌కు అది 2.1 బార్.

పరీక్ష అయ్యాక ఒత్తిడి దించుతూ బయటికి వచ్చిన నీళ్ళను డ్రమ్ములో పట్టి కొలవాలి. ఈ పని చాలామంది వదిలేస్తారు, దయచేసి వదలకండి. ఎక్కించినన్ని లీటర్లూ తిరిగి రావాలి. 50 ఎక్కించి 50 వస్తే పరీక్ష ప్యాకర్ దాకా జరిగిందని అర్థం. ఐదు లీటర్లకే 70 బార్ ఎక్కేసిందంటే, పైన ఎక్కడో వాల్వు మూసి ఉంది, లేదా యాన్యులస్ మధ్యలో ఏదో అడ్డు పడింది. అప్పుడు గేజ్ ముల్లు గంటసేపు కదలకపోయినా పరీక్షించింది బావిని కాదు, పై నుంచి వంద మీటర్ల పైపును మాత్రమే.

ముల్లు తగ్గింది. బావి పోయినట్టేనా?

వెంటనే ఆ మాట అనకూడదు. ఈ బావిలో 1 బార్ తగ్గడానికి ముప్పావు లీటరు నీళ్ళు పోతే చాలు. అంటే గేజ్ చాలా చురుకైనది, ఒక చెంబుడు నీళ్ళ లీకు కూడా చెబుతుంది. ఆ చురుకే ఇబ్బంది కూడా. యాన్యులస్ మొత్తం ఒక డిగ్రీ చల్లబడితే ఒత్తిడి 4 బార్ పైనే పడుతుంది. అర డిగ్రీ చాలు, పరీక్ష ఫెయిల్ అయినట్టు కనిపిస్తుంది. అందుకే ఉష్ణోగ్రత నిలిచేదాకా ఆగమని పైన రాశాం.

నిజమైన లీకు ఇలా దొరుకుతుంది. ముందు పైన ఫ్లాంజీలు, వాల్వు గ్లాండ్లు, గేజ్ కనెక్షన్ సబ్బునీళ్ళతో చూడాలి. చాలా ‘బావి లీకులు’ అక్కడే తేలిపోతాయి. పైన ఏమీ లేకపోతే మళ్ళీ పరీక్ష పెట్టి తగ్గే తీరు చూడాలి. ఉష్ణోగ్రత వల్ల అయితే తగ్గుదల రానురాను నెమ్మదించి ఆగిపోతుంది. లీకైతే గంట గంటకూ దాదాపు అదే వేగంలో తగ్గుతూనే ఉంటుంది. ట్యూబింగ్ ఒత్తిడి మార్చినప్పుడల్లా యాన్యులస్ ఒత్తిడి దాని వెంటే నడిచి, ఆ తర్వాత సమానం కావడానికి చూస్తే లీకు ట్యూబింగ్‌లోనో ప్యాకర్‌లోనో ఉంది. ట్యూబింగ్‌తో సంబంధం లేకుండా తగ్గితే కేసింగ్‌ను అనుమానించాలి. కచ్చితమైన లోతు తెలుసుకోవడానికి ఉష్ణోగ్రత లాగ్, శబ్దపు లాగ్ దింపుతారు.

మే నెల మధ్యాహ్నాల్లో యాన్యులస్ ఒత్తిడి పెరుగుతోంది. భయపడాలా?

చాందా ఎండలో పైన ఉన్న పైపులు, ట్యాంకు వేడెక్కి ముల్లు పగలు ఎక్కి రాత్రి దిగడం మామూలే. రోజూ అదే ఆటు, అదే పోటు ఉంటే చింత లేదు. ఉదయం కనిష్ఠ ఒత్తిడి రోజురోజుకూ పైకి జరుగుతుంటే మాత్రం ఎక్కడి నుంచో వాయువు లోపలికి వస్తోంది. అందుకే పగటి గరిష్ఠం కంటే తెల్లవారుజాము అంకెలను గీతగా గీసి చూడమంటాం.

వాయువు పంపడం మొదలుపెట్టిన రోజుల్లో దీనికి తలకిందులుగా, ఒత్తిడి పడిపోతుంది. చల్లటి కార్బన్ డయాక్సైడ్ ట్యూబింగ్‌ను చల్లబరుస్తుంది. అప్పుడు ట్యాంకు నుంచి నీళ్ళు కలపాలి, ఎన్ని లీటర్లు కలిపారో ప్రతిసారీ రాయాలి. నెల మొత్తంలో కలిపిన, తీసిన నీళ్ళ లెక్క సున్నా చుట్టూ తిరగాలి. కలుపుతూనే ఉన్నారంటే ఆ నీళ్ళు ఎక్కడికో పోతున్నాయి.

క్లాస్ సిక్స్ నియమం ప్రకారం యాన్యులస్ ఒత్తిడి మామూలుగా వాయువు పంపే ఒత్తిడి కంటే ఎక్కువ ఉండాలి. కారణం తేలిక: ఎక్కడైనా చిల్లు పడితే నీళ్ళు ట్యూబింగ్‌లోకి వెళ్తాయి గానీ వాయువు బయటికి రాదు. వాయువు పంపే ఒత్తిడి కూడా నిల్వ రాయి పగిలే ఒత్తిడిలో 90 శాతం దాటకూడదు.

బయటి ఇంటిగ్రిటీ ఎలా చూస్తారు?

కనీసం ఏడాదికోసారి, మూడు పద్ధతుల్లో ఒకటి: ఉష్ణోగ్రత లాగ్, శబ్దపు లాగ్, ఆక్సిజన్ యాక్టివేషన్ లాగ్. ఉష్ణోగ్రత లాగ్‌లో బావిని ఒకటిన్నర రోజు మూసి ఉంచి, ఆ తర్వాత మెల్లగా పరికరం దింపుతారు. నేల వేడి లోతుతో సాఫీగా పెరగాలి. సిమెంటు వెనక వాయువు కదులుతున్నచోట ఆ గీత వంకర పోతుంది. వంకర ఏదో, ఆ రాయి సహజ గుణం ఏదో తెలియాలంటే వాయువు పంపకముందు తీసిన మొదటి లాగ్ చేతిలో ఉండాలి. అది లేకపోతే పదేళ్ళ లాగులు పక్కపక్కన పెట్టినా వాదులాడుకోవడమే మిగులుతుంది.

ఆక్సిజన్ యాక్టివేషన్‌లో న్యూట్రాన్లతో నీటిలోని ఆక్సిజన్‌ను క్షణకాలం రేడియోధార్మికంగా మారుస్తారు. అలా పుట్టిన నైట్రోజన్‌కు అర్ధాయువు 7 సెకన్లే. ఆ కొద్ది సేపట్లో నీరు కదిలితే పైన ఉన్న డిటెక్టర్ చెబుతుంది.

సిమెంట్ బాండ్ లాగ్ చూపించి ‘బయట అంతా బాగుంది’ అంటే ఒప్పుకోకండి. అది శబ్దంతో సిమెంటు అంటుకున్న తీరును చెబుతుంది, ద్రవం కదలడాన్ని చెప్పదు. వెంట్రుకంత మైక్రో యాన్యులస్ ఉంటే మంచి సిమెంటునూ చెడ్డగా చూపిస్తుంది, అందుకే లోపల కొంత ఒత్తిడి పెట్టి రెండోసారి లాగ్ తీస్తారు. సన్నటి నిలువు కాలువను మాత్రం సగటు లెక్కలో దాచేస్తుంది. చుట్టూ తిరుగుతూ చూసే అల్ట్రాసోనిక్ లాగ్ అయితే ఆ కాలువ బొమ్మ కనపడుతుంది.

రెండు కేసింగుల మధ్య ఒత్తిడి కనిపిస్తే?

అక్కడ అసలు ఒత్తిడే ఉండకూడదు. అరంగుళం నీడిల్ వాల్వు గుండా మెల్లగా వదలాలి. 24 గంటల్లో సున్నాకు వచ్చి మళ్ళీ ఎక్కకపోతే వేడి వల్ల వచ్చింది అనుకోవచ్చు. మళ్ళీ ఎక్కితే ఎక్కడో దారి ఉంది. వదిలిన వాయువును బాటిల్‌లో పట్టి పరీక్షకు పంపండి: అది బొగ్గు పొరల మీథేనా, మీరు పంపిన కార్బన్ డయాక్సైడా? వార్ధా లోయ బొగ్గు మీదుగా వేసిన బావిలో ఈ ప్రశ్న మామూలుగానే వస్తుంది. రోజూ వదులుతూ గేజ్‌ను సున్నాలో ఉంచడం పరిష్కారం కాదు, ఆ దారిని వెడల్పు చేసినట్టే అవుతుంది.

పర్యవేక్షణ బావులకు కూడా ఇవన్నీ కావాలా? వాటిలో వాయువు పంపం కదా?

కావాలి. 2024లో అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం డికేటర్ దగ్గర ఒక లోతైన పర్యవేక్షణ బావి తుప్పు పట్టింది. నిల్వ పొర ద్రవం అక్కడి నుంచి అనుమతి లేని పై పొరలోకి చేరింది, ఆ ఏడాది అక్కడ వాయువు పంపడం ఆపాల్సి వచ్చింది. నిల్వ పొరను తాకే ప్రతి రంధ్రమూ దారే, అందులోంచి ఏమీ పంపకపోయినా.

బొగ్గు కోసం వేసిన పాత బోర్ల సంగతి ఏమిటి?

కొత్త బావి కంటే మాకు దిగులు ఎక్కువ వీటి గురించే. వార్ధా లోయలో బొగ్గు వెతకడానికి దశాబ్దాలుగా రంధ్రాలు వేస్తూనే ఉన్నారు. చాలావరకు తక్కువ లోతువి, నిల్వ పొరదాకా వెళ్ళవు. పైన కప్పుగా పనిచేసే రాతిని చీల్చినది ఒక్కటున్నా చాలు. బావి చుట్టూ ఎంత దూరం ఒత్తిడి పెరుగుతుందో లెక్కగట్టి, ఆ వలయంలో ఉన్న ప్రతి రంధ్రాన్నీ వెతికి, సరిగా మూయనివాటిని మూయాలి. రికార్డుల్లో లేనివి దొరికేది ఊళ్ళోనే. పాత రిగ్గు ఎక్కడ నిలిచిందో, ఏ గట్టు మీద ఇనుప పైపు మొన తేలి ఉందో పశువులు కాసే ముసలివాళ్ళకు తెలుస్తుంది. తలాఠీ (ఊరి రెవెన్యూ అధికారి) దగ్గర సర్వే నంబరుతో అలాంటి చోట్లను రాయించి పెట్టండి.

మూయడమంటే మట్టీ రాళ్ళూ పోయడం కాదు. రంధ్రాన్ని అడుగుదాకా శుభ్రం చేసి, కింది నుంచి పైకి పైపుతో సిమెంటు ముద్ద నింపుతూ రావాలి. పై నుంచి పోస్తే ముద్ద నీళ్ళలో విడిపోయి పలచబడుతుంది.

నల్లరాయిలో వాయువు రాయైపోతుందట కదా, అప్పుడు బావి బిగువు అవసరమా?

ఐస్‌లాండ్‌లో కార్బ్‌ఫిక్స్ ప్రయోగంలో నీళ్ళలో కరిగించి పంపిన కార్బన్ డయాక్సైడ్‌లో 95 శాతం రెండేళ్ళలోపే ఖనిజంగా మారింది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2013లో వాలూలా దగ్గర బసాల్ట్‌లోకి సుమారు వెయ్యి టన్నులు నేరుగా పంపారు. మన దక్కను నల్లరాయీ ఆ జాతిదే, అందుకే ఆశ ఉంది. రాయిగా మారేది మాత్రం నిల్వ పొరలో. అక్కడికి చేరేదాకా అది ట్యూబింగ్‌లోనే ఉంటుంది. కార్బ్‌ఫిక్స్ పద్ధతిలో టన్ను వాయువుకు 25 టన్నుల దాకా నీళ్ళు కావాలి, ఆ నీళ్ళు ఆమ్లం కాబట్టి పైపులకు తుప్పు బెడద ఇంకా ఎక్కువ.

లీకైతే మనుషులకు ప్రమాదమా?

కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. గాలి లేని రాత్రి పల్లంలో, కాలువలో, దిగుడు బావిలో నిలుస్తుంది. ఎనిమిది గంటల పనికి హద్దు 5,000 పీపీఎం. 40,000 పీపీఎం, అంటే 4 శాతం, ప్రాణాపాయం. 2020లో అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం సటార్షియా దగ్గర పైపులైను పగిలినప్పుడు 45 మంది ఆసుపత్రి పాలయ్యారు. అది పైపులైను, బావి కాదు, కానీ వాయువు తీరు అదే.

ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి. పాత బావిలోకి దిగేముందు దీపం దింపి చూసే అలవాటు ఉంది. ఇక్కడ దాన్ని నమ్మొద్దు. కార్బన్ డయాక్సైడ్ 4 శాతం ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది, మనిషి మాత్రం తూలిపోతాడు. దానికోసమే చేసిన మీటరు కావాలి, ఆక్సిజన్ మీటరు కూడా సరిపోదు. ఎవరైనా పడిపోతే వెంటనే దిగకండి, గాలి వీచి వచ్చే వైపుకు, ఎత్తైన చోటికి జరిగి మనుషులను పిలవండి.

మా బోరింగు నీళ్ళు పాడైతే ఎలా తెలుస్తుంది?

పని మొదలవ్వకముందే, రెండు కాలాల్లో, ఎండాకాలం ఒకసారి, వానలయ్యాక ఒకసారి నీళ్ళు పరీక్షించి కాగితం గ్రామపంచాయతీలో పెట్టుకోవాలి. పీహెచ్, బైకార్బొనేట్, విద్యుత్ వాహకత, ఆర్సెనిక్, సీసం, ఫ్లోరైడ్ చూడాలి. చంద్రపూర్, యావత్మాల్ వైపు ఫ్లోరైడ్ ముందు నుంచే ఉంది కాబట్టి పాత అంకె లేకపోతే రేపు ఎవరి తప్పో తేలదు. పీహెచ్ అక్కడికక్కడే కొలవాలి. బాటిల్ సగం నింపి చాందా ల్యాబుకు తీసుకెళ్ళేలోపు వాయువు ఎగిరిపోయి నీళ్ళు మంచివిగా కనిపిస్తాయి. కనీసం గొంతుదాకా నింపి, గాలి బుడగ లేకుండా మూత బిగించండి.

గ్రామసభలో ఏమేం అడగాలి?

షెడ్యూల్డ్ ప్రాంతంలోని ఊళ్ళకు 1996 నాటి పెసా చట్టం కింద భూసేకరణకు ముందు సంప్రదింపుల హక్కు ఉంది. ఆ సభలో పెద్ద మాటలు వద్దు, ఐదు కాగితాలు అడగండి: సిమెంటు పోసిన రోజు నివేదిక, అందులో ముద్ద నేల పైకి వచ్చిందా లేదా. వాయువు పంపకముందు తీసిన ఉష్ణోగ్రత లాగ్. యాన్యులస్ పరీక్ష పట్టిక, తిరిగి వచ్చిన లీటర్లతో సహా. చుట్టుపక్కల పాత రంధ్రాల పటం. ఒత్తిడి హద్దు దాటితే బావి తనంతట తానే మూసుకునే వాల్వును ఆఖరిసారి ఎప్పుడు పరీక్షించారో చెప్పే రిజిస్టరు. బిగువు పోయిందని తెలిస్తే 24 గంటల్లో ఎవరికి చెబుతారో, ఊరికి ఏ భాషలో చెబుతారో కూడా రాయించండి. మరాఠీలో వచ్చే నోటీసు సిరొంచ ఆడవాళ్ళలో చాలామందికి చదవడం రాదు. తెలుగులోనూ, గోండీ మాట్లాడే ఊళ్ళలో గోండీలోనూ దండోరా వేయించాలి.

పని అయిపోయాక బావిని ఏం చేస్తారు?

ముందు అడుగున ఒత్తిడి కొలుస్తారు. బయటి ఇంటిగ్రిటీ పరీక్ష ఆఖరిసారి చేస్తారు. మూశాక చేయలేం కాబట్టి ఇది తప్పదు. బావిని బఫర్ ద్రవంతో కడిగి, ట్యూబింగ్, ప్యాకర్ తీసేసి, నిల్వ పొర నుంచి కప్పు రాయి పైదాకా కార్బన్ డయాక్సైడ్‌ను తట్టుకునే సిమెంటుతో దిమ్మెలు వేస్తారు. ప్రతి దిమ్మెనూ గట్టిపడ్డాక పైపు బరువు ఆనించి, ఒత్తిడి పెట్టి చూస్తారు. తాగునీటి పొరల అడుగున మరో దిమ్మె, నేల దగ్గర ఇంకొకటి. కేసింగ్‌ను నేల మట్టానికి కింద కోసి ఇనుప పలక వెల్డింగ్ చేస్తారు, బావి నంబరు దాని మీదే చెక్కుతారు. పై నుంచి నాగలి పోయేంత మట్టి కప్పుతారు. ఆ స్థలాన్ని భూమి రికార్డులో ఎక్కించాలి, ఎందుకంటే యాభై ఏళ్ళ తర్వాత అక్కడ బోరు వేయబోయే రైతుకు ఆ కాగితమే అడ్డం. క్లాస్ సిక్స్ కింద పంపడం ఆపాక పర్యవేక్షణ కూడా మామూలుగా 50 ఏళ్ళు.